అస్థిర ఉద్యోగం వదిలి సొంత పనిలోకి: విశాఖలో లెక్కలు ఎక్కడ తప్పుతున్నాయి

విశాఖపట్నంలో "ఈ ఉద్యోగం మానేసి ఏదైనా సొంతంగా పెట్టుకుందాం" అన్న మాట పర్మినెంటు ఉద్యోగుల ఇళ్లలో అరుదుగానే వినిపిస్తుంది. ఉక్కు కర్మాగారంలోనో పోర్టులోనో కాంట్రాక్టరు కింద ఏళ్ల తరబడి పనిచేస్తున్నవారు, పరవాడ ఫార్మా యూనిట్లలో, అచ్యుతాపురం దుస్తుల పరిశ్రమలో, దువ్వాడ సెజ్‌లో ఏటేటా రెన్యువల్ కోసం ఎదురుచూసేవారు, రుషికొండ మీద ప్రాజెక్టు ఉన్నంతకాలమే కుర్చీ ఉండే చిన్న ఐటీ కంపెనీల ఉద్యోగులు ఈ ఆలోచన ఎక్కువగా చేస్తారు. ఈ చర్చను సాధారణంగా భద్రతకూ స్వేచ్ఛకూ మధ్య ఎంపికగా నడుపుతారు. భద్రతే లేని ఉద్యోగానికి ఆ తూకం పనికిరాదు. కాంట్రాక్టు కార్మికుడు ఇప్పటికే వ్యాపారి మోసే నష్టభయాన్ని మోస్తున్నాడు, వ్యాపారికి అప్పుడప్పుడూ దక్కే లాభం మాత్రం అతనికి దక్కదు. కాబట్టి వదిలేయడమే మేలన్న తీర్మానం సులువుగా వచ్చేస్తుంది.

ఆ తీర్మానంలో రెండు లెక్కలు తప్పుతున్నాయి. అస్థిరమైన ఉద్యోగంలో కూడా కాలంతోపాటు పోగయ్యే హక్కులు కొన్ని ఉంటాయి. అవి ఎంత మేరకు చేతికి వస్తాయన్నది ఉద్యోగం ఎప్పుడు వదిలారు, ఏ కాగితం మీద సంతకం పెట్టి వదిలారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇది మొదటి లెక్క. రెండోది ఇంతకంటే పెద్దది, దాని గురించి మాట్లాడుకునేదీ తక్కువే: కొత్త పనికి డబ్బు ఎవరి జేబులోంచి రావాలో చూసుకోకపోవడం. గేటు బయట కొట్టు పెట్టినవాడి ఆదాయం గేటు లోపలి జీతాల మీదే ఆధారపడి ఉంటే, అతను ఉద్యోగం వదిలాడు గానీ అందులోని అస్థిరతను వదిలించుకోలేదు.

ఈ రెండో సంగతి విశాఖకు మరీ గట్టిగా వర్తించడానికి ఊరు పెరిగిన తీరే కారణం. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1941లో నౌకా నిర్మాణ కేంద్రం, 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చాయి. 1966 నాటి "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" ఉద్యమం తర్వాత 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. ఒక్కొక్క పెద్ద సంస్థ వచ్చినప్పుడల్లా దాని జీతాల చుట్టూ ఒక బజారు పుట్టింది. మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక, కూర్మన్నపాలెం, అగనంపూడి వీధుల్లోని కర్రీ పాయింట్లు, మెస్సులు, ఫ్యాన్సీ షాపులు, బైకు మెకానిక్ షెడ్లు చాలావరకు అలా పుట్టినవే. ఉక్కు కర్మాగారాన్ని నూటికి నూరు శాతం ప్రైవేటుకు అప్పగించేందుకు 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. 2025 జనవరిలో అదే కర్మాగారానికి 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించారు. ఈ రెండు నిర్ణయాల మధ్య నాలుగేళ్ల ఊగిసలాటలో ఉద్యోగుల జీతాలు విడతలుగా వచ్చిన నెలలు కూడా ఉన్నాయి. అలాంటి నెలల్లో కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో బాకీలు పేరుకుపోతాయి, మెస్సు బిల్లు "వచ్చే నెల చూద్దాం" దగ్గర ఆగుతుంది. జింక్ స్మెల్టర్ 2012లో మూతపడింది. పెద్ద సంస్థ ఒకటి ఆగిపోతే ఎలా ఉంటుందో ఊరికి తెలియనిది కాదు.

కాబట్టి గాజువాకలో కాంట్రాక్టు పని పోతుందన్న భయంతో గాజువాకలోనే టిఫిన్ సెంటరు పెట్టిన మనిషి ఎంచుకున్న ఖాతాదారులు ఎవరు? తనలాగే పని పోతుందన్న భయంలో ఉన్నవారు. వారు బయట తినడం తగ్గించేది సరిగ్గా ఇతనికి డబ్బు అవసరమైన నెలల్లోనే. పైగా కాంట్రాక్టు కార్మికులను ఒక్కసారిగా తగ్గించినప్పుడు, పని పోయినవారిలో పదిమంది అదే వీధిలో అదే టిఫిన్ సెంటరు పెట్టాలని చూస్తారు. తినేవారు తగ్గి పెట్టేవారు పెరిగే పరిస్థితి ఇది. వంట ఎంత బాగున్నా దీనికి మందు లేదు.

దేశం మొత్తం మీద చూసినా స్వయం ఉపాధి అంకెలను జాగ్రత్తగా చదవాల్సి ఉంటుంది. కేంద్ర గణాంక శాఖ శ్రామిక సర్వేల ప్రకారం ఉపాధిలో ఉన్నవారిలో స్వయం ఉపాధివారి వాటా 2017-18లో 52.2 శాతం, 2023-24లో 58.4 శాతం. దీన్ని వ్యాపార దక్షత పెరిగిందనడానికి గుర్తుగా చూపించే ఉపన్యాసాలు తరచూ వినిపిస్తాయి. అయితే ఇంటి వ్యాపారంలోనో పొలంలోనో జీతం లేకుండా సాయపడే భార్య, కొడుకు, అత్తగారు కూడా ఆ వాటాలోనే ఉన్నారు. జీతం దొరకక సొంత పనిలోకి వచ్చినవారినీ, జీతం చాలదని ఎంచుకుని వచ్చినవారినీ ఆ ఒక్క అంకె విడదీసి చూపదు.

ఇక మొదటి లెక్క. ఉద్యోగం వదలాలనుకునేవారు చేతికి వచ్చే జీతాన్నీ, సొంత పనిలో మిగులుతుందనుకునే మొత్తాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. చేతికి వచ్చేది జీతంలో ఒక భాగమే. ఒక కాంట్రాక్టు వెల్డరుకు నెలకు 18,000 రూపాయల మొత్తం జీతం, అందులో పీఎఫ్ లెక్కలోకి వచ్చే వేతనం 15,000 అనుకుందాం. అతని వాటా పీఎఫ్ 1,800, ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) 135, వృత్తి పన్ను 150 పోగా చేతికి దాదాపు 16,000 వస్తుంది. యజమాని పక్కనుంచి మరో 1,800 పీఎఫ్‌కు, 3.25 శాతం చొప్పున 585 ఈఎస్ఐకి వెళతాయి. ఉద్యోగం వదిలేటప్పుడు ఒకేసారి చేతికి రావాల్సిన గ్రాట్యుటీ ఏడాదికి 15 రోజుల వేతనం. నెలను 26 రోజులుగా లెక్కగడతారు కాబట్టి 15,000 మీద ఏడాదికి సుమారు 8,650, నెలకు 720 అవుతుంది. అన్నీ కలిపితే అతని శ్రమకు నెలకు దక్కుతున్నది 21,100 దాకా ఉంది. బోనసు ఈ లెక్కలో చేరలేదు. "ఇప్పుడు పదహారు వస్తోంది, షాపు పెడితే ఇరవై మిగులుతుంది" అనుకున్నవాడు నిజానికి నెలకు వెయ్యి రూపాయల నష్టానికి సిద్ధపడుతున్నాడు.

ఈ లెక్కకు ఒక ఎదురు లెక్క కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఈ హక్కుల్లో కొన్ని కాగితం మీదే ఉండిపోతాయి. గ్రాట్యుటీకి సాధారణంగా అయిదేళ్ల సేవ కావాలి. కాంట్రాక్టరు రెండు మూడేళ్లకోసారి మారిపోతుంటే, అదే గేటు, అదే యంత్రం, అదే మనిషి అయినా సేవ ప్రతిసారీ కొత్తగా మొదలైనట్టు రాస్తారు. పని నిరంతరంగానే సాగిందని రుజువు చేసుకోవడం చట్టప్రకారం అసాధ్యం కాకపోయినా దానికి పట్టే కాలం, ఖర్చు కార్మికుడు భరించగలిగినవి కావు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు నిర్ణీత కాలపు ఉద్యోగులకు ఏడాది సేవకే గ్రాట్యుటీ హక్కు ఇచ్చాయి. కాంట్రాక్టరు కింద పనిచేసేవాడు ఆ కోవలోకి వస్తాడా లేదా అన్నది అతని నియామక పత్రం మీద ఆధారపడుతుంది. చాలామంది దగ్గర ఆ పత్రమే ఉండదు. ఏళ్ల తరబడి పీఎఫ్ కోత పడుతున్నా తన శాశ్వత పీఎఫ్ నంబరు (యూఏఎన్) కింద ఖాతాలో జమ అవుతోందో లేదో చూసుకోనివారు కూడా తక్కువేమీ కాదు. ఉద్యోగం వదిలే ఆలోచన వచ్చిన రోజు మొదట చేయాల్సింది షాపు అద్దెలు వెతకడం కంటే పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి నెలనెలా వరస చూడటం. మధ్యలో ఖాళీ నెలలుంటే కాంట్రాక్టరు కళ్లెదుట ఉండగా అడగడం వేరు, అతను ఊరు మారాక వెతకడం వేరు.

రాజీనామాకూ తొలగింపుకూ తేడా ఇక్కడే తెలుస్తుంది. ఏడాది నిరంతర సేవ ఉన్నవారిని యజమాని తొలగిస్తే నెల నోటీసు గానీ దానికి బదులు వేతనం గానీ ఇవ్వాలి, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా కట్టాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఈ నియమం కొత్త కోడ్‌లోనూ కొనసాగింది. తనంతట తాను మానేసినవారికి ఇది వర్తించదు. ఈఎస్ఐ కింద 2018లో వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కూడా పని పోయినవారికి సగటు వేతనంలో సగం చొప్పున 90 రోజుల దాకా భృతి ఇస్తుంది గానీ రాజీనామా చేసినవారికి ఇవ్వదు. కాంట్రాక్టు గడువు ముగిసే వేళ "ఫుల్ అండ్ ఫైనల్" పేరుతో ముందే టైపు చేసిన కాగితాల మీద సంతకాలు తీసుకోవడం మామూలే. అందులో "నా సొంత కారణాల వల్ల" అన్న వాక్యం ఉందో లేదో చదివే ఓపిక ఆ రోజు ఎవరికీ ఉండదు. ఆరేళ్ల సేవ ఉన్న మనిషికి ఆ ఒక్క వాక్యం ఖరీదు మూడు నెలల వేతనం దాకా ఉండొచ్చు. ఇనుప గేట్లు, కిటికీ గ్రిల్లు చేసే షాపుకు ఓ వెల్డింగ్ మెషీను, కటింగ్ మెషీను, డ్రిల్లు ఆ డబ్బుతోనే వస్తాయి. కాబట్టి పని ఎలాగూ రెండు మూడు నెలల్లో పోతుందని స్పష్టంగా తెలిసినప్పుడు ఆత్మగౌరవం కోసం ముందే రాజీనామా పడేయడం ఖరీదైన పని.

ఆరోగ్యం విషయంలో గడువుల లెక్క ఇంకొంచెం సూక్ష్మంగా ఉంటుంది. ఈఎస్ఐలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందాకు ఆ తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా ప్రయోజనాలు అందుతాయి, అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి జూలై నుంచి డిసెంబరు దాకా. అంటే పని మానేసిన మర్నాటి నుంచే మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రి తలుపు మూసుకుపోదు. ఎన్ని నెలలు తెరిచి ఉంటుందన్నది మానేసిన నెలను బట్టి మారుతుంది. ఇంట్లో షుగరు మందులు వాడే పెద్దవాళ్లో, కాన్పు దగ్గరపడిన మనిషో ఉన్నప్పుడు ఈ తేడా వేల రూపాయల్లో ఉంటుంది. ఈఎస్ఐ వెళ్లిపోయాక బియ్యం కార్డు ఉన్న కుటుంబాలకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరాల్సిన చికిత్సలకు ఆసరా, నెలనెలా మందుల ఖర్చు మాత్రం ఇంటి మీదే పడుతుంది.

పీఎఫ్‌లోని పింఛను భాగానికి పదేళ్ల గీత ఒకటుంది. పదేళ్ల సేవ నిండితే 58 ఏళ్ల తర్వాత పింఛను హక్కు వస్తుంది. ఎనిమిదేళ్ల సేవతో బయటకు వచ్చినవాడు ఆ డబ్బు తీసేసుకుంటే లెక్క అక్కడితో ముగుస్తుంది. డబ్బుకు బదులు ఆ సేవాకాలాన్ని నమోదు చేసే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని ఉంచుకుంటే, రేపు సొంత పని నడవక ఎక్కడో రెండేళ్లు జీతానికి చేరినా పాత సేవ కలుస్తుంది. పీఎఫ్ డబ్బు మొత్తాన్నీ పెట్టుబడిగా లెక్కవేసుకునేవారు తెలుసుకోవాల్సిన మార్పు మరొకటి ఉంది. ఉద్యోగం పోయాక పూర్తి మొత్తం తీసుకోవడానికి ఉన్న రెండు నెలల గడువును పన్నెండు నెలలకు పెంచాలని, ఈలోగా 25 శాతం ఖాతాలోనే ఉంచాలని పీఎఫ్‌ను నిర్వహించే ఈపీఎఫ్ఓ ట్రస్టీల బోర్డు 2025 అక్టోబరులో నిర్ణయించింది. ఖాతాలో రెండు లక్షలుంటే షాపు పెట్టే నాటికి చేతిలో లక్షన్నరే ఉంటుందనుకుని లెక్క వేసుకోవడం క్షేమం. ఆ డబ్బు కూడా ఉచితం కాదు. 2024-25 నాటి 8.25 శాతం వడ్డీ ప్రకారం రెండు లక్షలు ఏడాదికి 16,500 సంపాదించే సొమ్ము. షాపు మిగులులోంచి నెలకు 1,375 తీసేశాకే అసలు మిగులు తెలుస్తుంది.

ఇప్పుడు ఆ వెల్డరు నిజంగానే గాజువాక దగ్గర షెడ్డు అద్దెకు తీసుకుని గ్రిల్ షాపు పెట్టాడనుకుందాం. కింది ధరలు ఊహించినవే గానీ లెక్క తీరు మాత్రం ఈ పనిలో ఉన్నవారెవరైనా గుర్తుపట్టేదే. 80 కిలోల గేటు ఒకటి కిలో 130 చొప్పున ఒప్పుకున్నాడు. మొత్తం 10,400. వేస్టేజీతో కలిపి 85 కిలోల ఇనుము కిలో 65 చొప్పున 5,525. రాడ్లు, కటింగ్ వీల్స్, ప్రైమరు, కరెంటు, ట్రాలీ ఆటో కలిపి 1,300. హెల్పరుకు రెండు రోజుల కూలి 1,400. మిగిలింది 2,175. కొలతలకు వెళ్లిరావడం, తయారీ, బిగింపు కలిపి అతనికి మూడు రోజులు పట్టింది. రోజుకు 725 పడిందంటే కాంట్రాక్టు కూలికి దగ్గరగానే ఉందనిపిస్తుంది.

అయితే షెడ్డు అద్దె 5,000 ఇంకా తీయలేదు. పాత జీతపు అసలు విలువ 21,100 రావాలంటే ఇలాంటి గేట్లు నెలకు పన్నెండు కావాలి. పన్నెండు గేట్లకు ముప్పై ఆరు రోజులు కావాలి. ఆ ధరకు ఆ పని, ఎంత కష్టపడినా, పాత జీతాన్ని అందుకోలేదు. కిలో 150కి ఒప్పించగలిగితే మిగులు 3,775 అవుతుంది, ఏడు గేట్లు, ఇరవై ఒక్క రోజులు సరిపోతాయి. ఇరవై రూపాయల తేడాలో షాపు నిలబడటం, మూతపడటం రెండూ ఉన్నాయి. కొత్తగా పెట్టినవారు మొదట చేసే పని మాత్రం పక్క షాపు కంటే అయిదు రూపాయలు తగ్గించి చెప్పడం.

ఆ ఇరవై రూపాయలు ఎవరిస్తారన్నదే మళ్లీ ఖాతాదారుల ప్రశ్న. కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకుంటున్న కార్మికుడు నాలుగు షాపులు తిరిగి కిలో ధర కనుక్కున్నాకే వస్తాడు, అది అతని తప్పూ కాదు. లాసన్స్‌బే కాలనీ, పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ, రుషికొండ వైపు సంగతి వేరు. ఉప్పుగాలికి అక్కడ కిటికీ గ్రిల్లు, మెట్ల రెయిలింగు, ఏసీ ఔట్‌డోర్ యూనిట్ స్టాండు తుప్పు పడుతూనే ఉంటాయి. ఆ ఇళ్లవారికి కావాల్సింది చవక గేటు కంటే నాలుగేళ్లు పెయింటు లేవని గేటు. జింకు పూత ఉన్న జీఐ పైపు వాడి, వెల్డింగ్ జాయింట్ల దగ్గర జింక్ ప్రైమరు వేసి, అతుకుల్లో నీరు నిలవకుండా చూసి, ఏడాది తర్వాత ఒకసారి వచ్చి చూస్తానని చెప్పగలిగిన పనివాడికి అక్కడ కిలో ధర అడ్డం రాదు. అక్కడి లాడ్జీలు, అపార్టుమెంటు సంఘాలు, రిటైరైన నేవీ కుటుంబాలు ఏ ఒక్క కర్మాగారం జీతాల మీదా బతకడం లేదు. చేతిలో ఉన్న పని అదే, ఊరు అదే. డబ్బు ఎటునుంచి వస్తోందన్నది మాత్రం మారింది. కర్మాగారంలో పైపులైను అతుకులు నేర్చినవాడికి చేతిపని ఎక్కువే వచ్చు. రానిది కొటేషను రాయడం, బాకీ వసూలు చేయడం.

అడ్వాన్సు దగ్గర చాలామంది దెబ్బతింటారు. పై గేటుకు సగం అడ్వాన్సు అంటే 5,200, అది ఇనుము ఖర్చుకే చాలదు. పని అయ్యాక ఇంటివారు "ఒక రెండు వేలు ఆగండి, గడియ సరిగా పడటం లేదు" అని పట్టి ఉంచే మొత్తం దాదాపు అతని మిగులు మొత్తానికి సమానం. ఇనుము కొట్టువాడికీ, హెల్పరుకూ, ఆటోకూ అందరికీ డబ్బు చేరి, అతనికి మాత్రం ఆ వారం ఏమీ రానట్టే. అడ్వాన్సు ఇనుము ఖర్చుకు పైన ఉండాలి, బిగింపుకు ముందు మరో విడత అందాలి. ఈ పద్ధతి మొదటి నెలనుంచే పెట్టుకోని షాపులు బేరాలు బాగానే ఉన్నా అప్పుల్లోకి జారతాయి.

అప్పు అంటే విశాఖ వీధుల్లో ముందుగా చేతికందేది బ్యాంకు కాదు, రోజు వసూలు ఫైనాన్సు. పదివేలు రాసుకుని 1,500 ముందే పట్టుకుని 8,500 చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. వినడానికి పదిహేను శాతం వడ్డీలా ఉంటుంది. అసలు రోజురోజుకూ తీరుతూ వస్తున్నందున ఏడాది లెక్కన అది సుమారు 120 శాతం. పోల్చి చూస్తే 2015లో మొదలైన ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50 వేల దాకా, కిశోర్ కింద అయిదు లక్షల దాకా హామీ లేకుండా బ్యాంకు రుణం ఉంది. ఖాదీ కమిషను నోడల్ సంస్థగా జిల్లా పరిశ్రమల కేంద్రాల ద్వారా నడిచే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం పీఎంఈజీపీలో పట్టణాల్లో జనరల్ వర్గానికి ప్రాజెక్టు ఖర్చులో 15 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ తదితర వర్గాలకు 25 శాతం సబ్సిడీ ఉంది. తోపుడు బండ్లవారికి పీఎం స్వనిధి తొలి విడత రుణాన్ని 2025లో 15 వేలకు పెంచారు. ఈ పథకాల గురించి తెలియనివారు తక్కువ. కొటేషన్లు, సిబిల్ స్కోరు, బ్యాంకు చుట్టూ తిరగడం కలిపి కొన్ని నెలలు పడతాయన్నది మాత్రం లెక్కలో ఉండదు. అందుకే దరఖాస్తు జీతం వస్తుండగానే మొదలుపెట్టాలి. జీతం స్లిప్పు పోయాక రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు చూపమంటారు. పన్ను కట్టాల్సిన ఆదాయం లేకపోయినా మొదటి ఏడాది నుంచే రిటర్ను వేసుకోవాల్సింది ఇందుకే. చీటీ పాడి పెట్టుబడి పెట్టేవారికి మరో ఇబ్బంది ఉంది. పాడుకున్న చీటీ వాయిదా షాపు నడిచినా నడవకపోయినా నెలనెలా కట్టాల్సిందే, కాబట్టి దాన్ని అద్దెతో సమానమైన ఖర్చుగా రాసుకోవాలి.

పాత కాంట్రాక్టరు దగ్గరే పెట్టీ కాంట్రాక్టు (పనిలో చిన్న భాగాన్ని సొంతంగా ఒప్పుకోవడం) తీసుకోవడాన్ని చాలామంది తొలి మెట్టుగా భావిస్తారు. గేటు పాసు తెలుసు, సూపర్‌వైజరు తెలుసు, పని తెలుసు. కానీ హెల్పర్లకు వారం వారం కూలి ఇవ్వాలి, బిల్లు పాసయ్యేది నెలల తర్వాత, అందులోనూ కొంత రిటెన్షన్ పేరుతో ఆపుతారు. అంటే నిన్నటి కూలివాడు ఇవాళ కాంట్రాక్టరుకు వడ్డీ లేని అప్పు ఇస్తున్నాడన్నమాట. చిన్న సంస్థల నమోదుకు ప్రభుత్వం పెట్టిన ఉద్యం పోర్టల్‌లో ఉచితంగా నమోదైన సూక్ష్మ సంస్థలకు 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం 45 రోజుల్లోగా చెల్లించాలి, దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ పడుతుంది. ఆ నమోదు పని ఒప్పుకోక ముందే ఉండాలి. పనుల కాంట్రాక్టులకు ఈ రక్షణ వర్తించే విషయంలో కోర్టుల్లో భిన్నమైన తీర్పులు వచ్చాయి. చట్టం చేతిలో ఉన్నా, వచ్చే నెల మళ్లీ అదే మనిషి దగ్గర పని అడగాల్సినవాడు ఫిర్యాదు చేయడానికి వెనకాడతాడు. ఖాతాదారుడు ఒక్కడే అయినప్పుడు అతన్ని యజమాని అని పిలవకపోవడం ఒక్కటే తేడా.

డెలివరీ, బైక్ ట్యాక్సీ యాప్‌ల పని కూడా ఇంచుమించు ఈ కోవలోకే వస్తుంది. అక్కడ రేటు నిర్ణయించేది, పని కేటాయించేది, ఖాతా ఆపేసేది మరొకరు. బండి, పెట్రోలు, ప్రమాద భయం మాత్రం సొంతం. కొత్త కార్మిక కోడ్‌లలో ఒకటైన సామాజిక భద్రతా కోడ్ ఈ కార్మికులను గుర్తించి, యాప్ సంస్థలు తమ టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం నిధికి జమ చేయాలంది. ఆ నిధి పీఎఫ్, ఈఎస్ఐలతో సమానం కాదు. రెండు నెలలు ఇల్లు గడపడానికి ఈ పని పనికొస్తుంది. దీన్ని సొంత వ్యాపారం అనుకుని పీఎఫ్ డబ్బుతో కొత్త బండి కొనడం వేరే సంగతి.

రుతువుల లెక్క కూడా చూడాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలు చేపల అమ్మకం మీద, బోట్ల ఐసు మీద బతికేవారికి బేరాలు పడిపోతాయి. అదే రెండు నెలల్లో ఒడ్డున నిలిచిన బోట్లకు ఇంజను పని, వెల్డింగు, పెయింటు చేసేవారికి తీరిక ఉండదు. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో రేకుల షెడ్లు, బడ్డీలు నేలకరిచాయి, ఆ తర్వాత షట్టర్లు, రేకులు, గ్రిల్లు బిగించేవారి కోసం జనం వెతుక్కున్నారు. ఒకే నెల ఒకరికి ఖాళీ, మరొకరికి సీజను. షాపు మొదటి రెండు నెలలు ఖాళీ కాలంలో పడితే, పని తెలిసినవాడు కూడా అద్దె అడ్వాన్సు తినేసి వెనుదిరగాల్సి వస్తుంది.

పెద్ద పెట్టుబడుల వార్తలను చూసి షాపు చోటు నిర్ణయించుకోవడం ఇటీవల మరింతగా కనిపిస్తోంది. 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటరు ప్రకటన, భోగాపురం విమానాశ్రయం పనులు ఇందుకు ఊతమిచ్చాయి. వార్త వచ్చిన వారానికే అద్దె అడిగేవారి స్వరం మారుతుంది, కొనుగోలుదారులు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో అద్దె కట్టగలిగినవారు కాంట్రాక్టు ఉద్యోగం నుంచి వచ్చినవారు కారు.

పూర్తిగా తెంచుకోకుండా బయటకు వచ్చే దారి కొన్ని వృత్తుల్లో ఉంది. రిఫైనరీలు, విద్యుత్ కేంద్రాలు, రసాయన యూనిట్లలో నిర్ణీత కాలానికోసారి యంత్రాలు ఆపి మరమ్మతు చేసే షట్‌డౌన్ పనులకు అర్హత ఉన్న వెల్డర్లు, రిగ్గర్లు, ఫిట్టర్లు రోజుకూలి మీద కొన్ని వారాలపాటు కావాలి, ఆ రేటు మామూలు కాంట్రాక్టు కూలి కంటే మెరుగ్గా ఉంటుంది. ప్రెషర్ పైపింగ్ పనుల్లో అనుసరించే ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం) ప్రమాణాల ప్రకారం ఒక వెల్డింగ్ ప్రక్రియలో ఆరు నెలలపాటు పని చేయకపోతే వెల్డరు అర్హత గడువు తీరిపోతుంది, మళ్లీ టెస్టు ఇవ్వాలి. గ్రిల్ షాపులో ఎంత వెల్డింగ్ చేసినా అది ఆ లెక్కలోకి రాదు. షాపు పెట్టినవాడు ఏడాదికి రెండు షట్‌డౌన్లకు వెళ్లి వస్తే అర్హత నిలుస్తుంది, ఖాళీ నెలల అద్దె కూడా దానిలోంచే వెళుతుంది. అయితే ఆ మూడు వారాలు షెడ్డు తెరిచి, ఫోనెత్తి, వచ్చిన కొలతలు రాసుకుని, పాత బాకీలు అడిగే మనిషి కావాలి. చాలా ఇళ్లలో ఆ పని భార్య మీద పడుతుంది. నెలకు మిగిలింది ఇంత అని రాసే పుస్తకంలో ఆమె రోజులకు కూడా హెల్పరు కూలితో సమానంగా ఒక వరస గీసుకున్నప్పుడే, పాత జీతంతో పోల్చదగిన అంకె వస్తుంది.